పసిరికపాము - రసెల్ సర్పగ్రంథము

కంచెపై అల్లుకొనిన దొండపాదులో ఒక తీగ మాత్రము తక్కిన తీగలకంటె కొంచెము వేఱుగా ఊగుచుండును. దగ్గఱకు పోయి చూచినవారికి దాని చివర రెండు కన్నులు కనబడును. అది పసిరికపాము. చూచినవాని నోట వెలువడు మొదటి ప్రశ్న ఒక్కటే: ఇది విషపు పామా, కాదా? కాదని తేలినచో దానిని గూర్చి మఱి ప్రశ్న యుండదు. తేలకపోయినచో కఱ్ఱ లేచును. ఈ రెండు ముగింపులలో ఏ ఒక్కటియు ప్రకృతి శాస్త్రము కాదు.

ఈ మొదటి ప్రశ్ననే పట్టుకొని తెలుగు తీరమున ఒక మహాగ్రంథము రూపొందినది. పాట్రిక్ రసెల్ రచించిన ఆ గ్రంథము పేరు 'యాన్ అకౌంట్ ఆఫ్ ఇండియన్ సర్పెంట్స్, కలెక్టెడ్ ఆన్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్'. అనగా కోరమాండల్ తీరమున సేకరింపబడిన భారతదేశపు సర్పముల వృత్తాంతము. ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్ల ఉత్తరువుపై అది 1796లో లండనులో అచ్చయినది. భారతదేశపు సర్పశాస్త్రమునకు పునాది అని దానికి పేరు. ఆ పేరు న్యాయమైనదే. అయినను పసిరికపాము వంటి నిరపాయమైన ప్రాణి పక్షమున నిలిచి చదివినచో ఆ గ్రంథమున ఒక గొప్ప మేలును, ఒక గొప్ప కొఱతయు ప్రక్కప్రక్కనే కనబడును. ఆ కొఱత నేటి తెలుగు రచనలలో గూడ మిగిలియుండుటచేత దానిని విమర్శించి చూచుట అవసరము.

గ్రంథకర్త, అతని పని

రసెల్ స్కాట్లండు దేశపు వైద్యుడు. సిరియా దేశమందలి అలెప్పో నగరమున చాలకాలము వైద్యము చేసి, ప్లేగు వ్యాధిని గూర్చి పెద్ద గ్రంథము వ్రాసినవాడు. 1780 దశకములో విశాఖపట్టణమునకు వచ్చెను. 1785లో కోనిగ్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు మరణింపగా, అతని స్థానమున కంపెనీవారు రసెల్‌ను నియమించిరి. 1789లో ఆయన ఇంగ్లండునకు తిరిగిపోయెను. ఈ కొద్ది సంవత్సరములలోనే తీరమునందలి సర్పములను చేరదీసి, కొలిచి, బొమ్మలు గీయించి, పరీక్షించెను. రక్తపింజరకు ఆంగ్లమున రసెల్ పింజర అని పేరు వచ్చుట ఈయన మూలముననే.

ఆయనకు ముందు సర్పవిషమును గూర్చి లోకమున వ్యాపించియున్నది పుకారు. ఏ పాము కఱచిన బ్రతుకడో, ఏ మందు వేసిన బ్రతుకునో చెప్పువారెందఱో. పరీక్షించి చూచినవారు అరుదు. రసెల్ కోళ్లను, కుక్కలను పాములచేత కఱపించి, ఎంతసేపటికి ఏ లక్షణము కనబడినదో వ్రాసి పెట్టెను. అప్పట్లో గొప్ప పేరుపడిన తంజావూరు మాత్రలను గూడ అట్లే పరీక్షకు పెట్టెను. జీవహింస దృష్టితో నేడీ పరీక్షలు చదువుటకు బాధ కలిగించును. కాని నమ్మకమునకు బదులు పరీక్షను నిలిపిన ఆ పద్ధతి విలువ తక్కువది కాదు.

గ్రంథపు మేలు: తెలుగు పేర్లు

రసెల్ తన పాములకు లాటిను పేర్లు పెట్టుటకు తొందరపడలేదు. స్థానికులు పిలిచెడి పేర్లనే వాటికి తలపెట్టి వర్ణించెను. అందుచేత ఈ ఆంగ్ల గ్రంథము తిరుగవేసినపుడు తెలుగువానికి ఇంటి మాటలు వినబడును. పచ్చని తీగపాము అందు 'పసిరికి పాము'. పసుపు నలుపు పట్టెలు గల పాము 'బంగారు పాము'. ఆ బంగారు అను మాటయే తరువాత కట్లపాముల ప్రజాతికి 'బంగారస్' అను లాటిను పేరై ప్రపంచమంతట వ్యాపించినది. జర్మనీ దేశపు ష్నైడరు 1801లోను, ఇంగ్లండు దేశపు జార్జి షా ఆ దినములలోనే, రసెల్ వర్ణనలను బొమ్మలను ఆధారముగా గొని పలు సర్పములకు లాటిను పేర్లు పెట్టిరి. నామకరణ ఘనత వారికి దక్కెను. ఆ పేర్ల వెనుక శ్రమ రసెల్‌ది. ఆ శ్రమ వెనుక పేరు తెలియని తెలుగు పాములవారిది, పల్లెవారిది.

ఈ స్థానిక నామములు కేవలము అలంకారములు కావు. వాటిలో జ్ఞానమున్నది. పసిరికపాము విషయమే చూడుడు. పసరు, పసిమి, పచ్చ అను మాటలకు పుట్టిల్లయిన ధాతువే దీనికిని మూలము. కన్నడమున పచ్చదనమునకు 'హసిరు' అని పేరగుట యీ చుట్టఱికము వల్లనే. కాని విశాఖ కొండలలో పచ్చని పాము ఇదొక్కటే కాదు. వెదురుపొదలలోను, కొండవాగుల చెంతను మఱియొక పచ్చని పాము గలదు. అది విషము గల పింజర. దానికి ఆ దినములలో తెలుగువారు పెట్టిన పేరు వేఱు. రసెల్ దానిని విని రోమను అక్షరములలో 'బూద్రూ పామ్' అని చదువదగునట్లు వ్రాసికొనెను. 1802లో షా ఆ వర్ణన మీదనే దానికి 'గ్రామినియస్' అను లాటిను పేరు పెట్టెను. చాలకాలము దానిని ట్రైమెరెసూరస్ గ్రామినియస్ అనిరి; నేడు దాని పూర్తి పేరు క్రాస్పెడోసెఫాలస్ గ్రామినియస్.

ఇచ్చట గమనింపవలసినది ఒకటి గలదు. ఆ రెండు పాములును పచ్చనివే, రెండును చెట్లమీదివే. అయినను పల్లెవాడు రంగును చూచి రెంటికి ఒకే పేరు పెట్టలేదు. రంగు దాటి నడకను, ఒడలిని, తలను, స్వభావమును చూచి పేర్లు వేఱు చేసెను. లాటిను పేరేమో గడ్డివలె పచ్చనిదని మాత్రమే చెప్పును. దానిని మాటకు మాటగా తెనిగించి 'గడ్డిపాము' అన్నచో, విన్నవాడు విషపు పింజరను కలలోనైన ఊహింపడు. ఈ విషయమున శాస్త్రనామముకంటె పల్లెపేరే ప్రాణరక్షకము.

అయితే రసెల్ విధానమునందు లోపమును గలదు. రోమను అక్షరములకు ద, డ ల భేదము తెలియదు. హ్రస్వదీర్ఘముల నియమము లేదు. ఆ పేర్లు తరువాతి గ్రంథములలో రోమను లిపిలోనే ఒకరినుండి ఒకరికి చేరినవి. తత్ఫలముగా 'పసిరికి'ని తేలికగా గుర్తించు తెలుగువాడు 'బూద్రూ'ను ఎట్లు పలుకవలెనో, దాని అర్థమేమో తడబడుచున్నాడు. ఒక పేరు పుస్తకమున బ్రతికి వాడుకలో పలచబడినచో, ఆ పేరులోని జ్ఞానము సగము పోయినట్లే.

గ్రంథపు కొఱత: ప్రశ్న అక్కడ ఆగుట

రసెల్ ప్రతి పామును ఒకే వరుసలో వర్ణించెను. పొడవు, తల యాకారము, దంతములు, రంగు, పొట్టక్రింది పలకల లెక్క, తోకక్రింది పలకల లెక్క. చనిపోయిన పామునకో, పట్టి తెచ్చిన పామునకో ఈ వర్ణన సరిపోవును. కాని బొమ్మలలో పాము తెల్లని కాగితముపై చుట్టుకొని యుండును. దాని చుట్టు ఆకు లేదు, కొమ్మ లేదు. నాగుపామునకు ఇందువలన పెద్ద నష్టము లేదు. పసిరికపామునకు మాత్రము సర్వస్వము నష్టమే. ఏలయన దాని జీవితమంతయు ఆకుల నడుమ కనబడకుండుటయే. కొమ్మనుండి విడదీసిన పసిరికపాము వాక్యము నుండి విడదీసిన మాట వంటిది.

ఇందులకు రసెల్‌ను మిక్కిలి నిందించుట న్యాయము కాదు. ఏ పాములు చంపునో తెలుపుటయే ఆయన ముఖ్యోద్దేశము. పాము కాటుచేత మనుష్యులు చచ్చుచున్న దేశమున ఆ ప్రశ్న ముందు రావలసినదే. దోషము ఆయన ఆ ప్రశ్న నడుగుటలో లేదు. 'చంపదు' అను సమాధానము వచ్చినపిమ్మట కథ ముగిసినదని తరువాతివారు తలచుటలో గలదు. కథ నిజముగా అక్కడనే ప్రారంభమగును. ఆ కథ యేమో కొంచెము చూతము.

మొదట రంగు. పసిరికపాము పచ్చదనము ఒక్క వర్ణద్రవ్యము వలన వచ్చునది కాదు. పచ్చని పాములలో సాధారణముగా చర్మమున రెండు పొరల పని గలదు. క్రిందిపొరలోని కణములందు సూక్ష్మ స్ఫటికములుండి నీలి వెలుగును వెనుకకు త్రిప్పికొట్టును. పైపొరలోని కణములందు పసుపు రంగు గలదు. నీలము పసుపులోనుండి వచ్చి కంటికి పచ్చగా కనబడును. పామును సారాయములో నిలువ చేసినపుడు పసుపు కరిగిపోయి, నీలము మిగిలిపోవును. కావుననే ప్రదర్శనశాలల సీసాలలో పచ్చని పాములు నీలిగానో బూడిద రంగుగానో కనబడును. సీసాను చూచి పసిరికను వర్ణించినవాడు దాని పేరునే అబద్ధము చేయును.

పిమ్మట కన్ను. చాల పాములకు కంటిపాప గుండ్రముగానో, పిల్లి కంటివలె నిలువు చీలికగానో ఉండును. పసిరికపాము కంటిపాప అడ్డముగా, తాళపు రంధ్రము వలె ఉండును. మూతి పొడవుగా ముందుకు సాగి వాడియై యుండును. కంటినుండి మూతి చివరకు ఇరుప్రక్కల లోతైన గాడి యొకటి సాగును. తుపాకి గుఱి చూచువానికి గొట్టము చూపును నడిపినట్లు, ఈ గాడి పాము చూపును ముందుకు నడుపును. రెండు కన్నులును ఒకే వస్తువుపై నిలుపుటకు వీలగుటచేత దూరమును సరిగా అంచనా వేయగలదు. కంటి లోపలి తెరపై చూపు తీక్ష్ణముగా ఉండు గుంట యొకటి గలదు. పాములలో నిది మిక్కిలి అరుదు. కొమ్మపై కదలక కూర్చున్న తొండను పాము ఆకుల నడుమ గుర్తించుట ఈ కంటి చలవయే.

నడవడి అంతకంటె చిత్రమైనది. పసిరిక పగటిపూట వేటాడును. బొటనవ్రేలికంటె సన్నని ఒడలు. మీటరు, మీటరున్నర పొడవు. అందు మూడవ వంతుకు పైగా తోక. కొమ్మనుండి కొమ్మకు ఆధారము లేని చోట సగము ఒడలు ముందుకు చాచి నిలువగలదు. గాలి కొట్టినపుడు ఆకులతోబాటు ఊగును. నాలుకను బయటకు చాచి కదల్పక చాలసేపు అట్లే యుంచును. బెదరించినపుడు నోరు పెద్దగా తెఱచి, ఒడలు ఉబ్బించును. అపుడు పొలుసుల నడుమ దాగియున్న తెలుపు నలుపు చారలు బయటపడి, ఒక్క క్షణములో పచ్చని తీగ చిత్రమైన వస్త్రమువలె మాఱును. పిఱికివానిని పరుగెత్తించుటకు ఆ వేషము చాలును. దానికి ఆహారము తొండలు, బల్లులు, కప్పలు, అప్పుడప్పుడు చిన్న పిట్టలు. ఎఱను పట్టి చాలసేపు విడువక నమలుచు, దాని కదలిక తగ్గినపిమ్మట మ్రింగును.

ఈ పాము గ్రుడ్లు పెట్టదు, పిల్లలను కనును. ఇందులోను ఒక వింత నమోదైయున్నది. లండను జంతుప్రదర్శనశాలలో 1885 ఆగస్టు నుండి ఒంటరిగా ఉంచబడిన ఆడపాము 1888 ఆగస్టులో పిల్లను కనినది. మగపాము బీజమును శరీరమున మూడేండ్లు నిలువచేసికొనెనని అప్పటివారు తలచిరి. మగదాని సంబంధమే లేక ఆడపాము కనుట పాములలో గలదని తరువాతి పరిశోధనలు చూపినవి కావున, ఆ మార్గమును గూడ త్రోసివేయరాదు. నిరపాయమైనదని ప్రక్కకు పెట్టిన పామే జీవశాస్త్రమునకు ఇట్టి చిక్కు ప్రశ్న వేసినది.

'నిరపాయము', 'విషరహితము'

ఇంతవఱకు చెప్పినది కుతూహలమునకు సంబంధించినది. ఇక చెప్పబోవునది ప్రాణమునకు సంబంధించినది.

పాములను విషము గలవి, లేనివి అని రెండుగా విభజించుట రసెల్ కాలపు పద్ధతి. నోటి ముందుభాగమున పెద్ద కోఱలున్నచో విషపు పాము, లేనిచో కాదు. ఈ విభాగము వైద్యునకు ఉపకరించును గాని పసిరికను ఏ గదిలోను ఇముడ్పదు. దానికి కోఱలు నోటి ముందు లేవు. పైదవడ వెనుకభాగమున, కంటి క్రింద ఉన్నవి. వాటికి గాడి గలదు. అచ్చటికి చేరు విషము తొండను, కప్పను స్తంభింపజేయుటకు చాలును. ఎఱను విడువక నమలుటలోని రహస్యమిదే. వెనుక కోఱల పాములను ప్రత్యేక వర్గముగా గుర్తించి, దానికి పేరు పెట్టుట 19వ శతాబ్ది మధ్యకాలమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దుమెరిల్ చేతులమీదుగా జరిగినది.

కావున పసిరిక 'విషరహితము' అనుట తప్పు. మనిషికి 'నిరపాయము' అనుట ఒప్పు. దాని కాటువలన మనిషికి కలుగునది కొంత నొప్పి, వాపు మాత్రమే. ఈ రెండు మాటల భేదము పదముల తగవు కాదు. 'వెనుక కోఱలు గలవి ఎట్లును ఏమియు చేయవు' అను సూత్రమును నమ్మినవారు దానికి మూల్యము చెల్లించిరి. 1957లో షికాగోలో కార్ల్ ష్మిట్ అను ప్రసిద్ధ సర్పశాస్త్రజ్ఞుడు ఆఫ్రికా దేశపు బూమ్‌స్లాంగ్ కాటుచేత మరణించెను. 1975లో జర్మనీ దేశపు రాబర్ట్ మెర్టెన్స్ తాను పెంచుకొనుచున్న ఆఫ్రికా పుల్లపాము కాటుచేత మరణించెను. ఈ రెండును వెనుక కోఱల పాములే. పుల్లపామునకు సన్నని ఒడలు, వాడి తల, పసిరికవలె తాళపు రంధ్రము వంటి కంటిపాప గూడ గలవు. చూపునకు దగ్గఱ, ఫలితమునకు దూరము. ఒక పాము నిరపాయమని చెప్పుటకు దాని రూపమును గాని, దాని వర్గమును గాని సాక్ష్యముగా తీసికొనరాదు. ఆ జాతినే గమనించి తెలిసికొనవలెను.

రెండవ ప్రక్క అపవాదు గలదు. పసిరిక కన్ను పొడుచునని తమిళదేశమునను సింహళమునను గట్టి నమ్మకము. తమిళమున దానికి 'కన్‌కొత్తి పాంబు' అని పేరు. సింహళమున కన్ను పీకునదను అర్థమునిచ్చు 'అహేతుల్ల' అను మాట లిన్నేయస్ చేతిలో 1758లో లాటిను పుస్తకమెక్కి, నేడీ తీగపాముల ప్రజాతికే పేరైనది. ఈ నమ్మకమునకు పుట్టుక ఊహింపవచ్చును. పాము ఉండునది మనిషి తల యెత్తున పొదలో. దాని మూతి వాడి. చూపు సూటిగా ముఖముపై నిలుచును. కొట్టునపుడు ఒడలు ఒక్కసారిగా ముందుకు సాగును. వంగి పొదలోనికి చూచినవానికి అది తన కన్నులనే గుఱి చూచినదని తోచుటలో ఆశ్చర్యము లేదు. అది చూచునది కదలికను. కన్ను పీకుటకు దానికి పని లేదు; పీకగల సాధనమును లేదు. అపవాదును శాస్త్రనామముగా చేసికొనిన శాస్త్రము దానిని వివరించి తొలగించు భారమును గూడ వహింపవలెను.

పేరు మాఱిన వైనము

పసిరికపామునకు చాలకాలము అహేతుల్ల నసూటా అని శాస్త్రనామము వాడిరి. నసూటా అనగా పెద్దముక్కుది. ఆ పేరు పుట్టినది సింహళపు పామును బట్టి. సింహళపు పాము, దక్షిణ భారతమందలి పాము ఒక్కటేయను తలంపుమీద అదే పేరు ఇచ్చటను నడిచినది. 2020లో భారతీయ శాస్త్రజ్ఞులు ఈ పాముల జన్యుపదార్థమును, పొలుసులను, ఒడలి కొలతలను కలిపి పరిశీలించి, ఒకే జాతి యనుకొన్నది పెక్కు జాతులని తేల్చిరి. నసూటా అను పేరు సింహళమునకు పరిమితమైనది. పడమటి కనుమలలో అనేక క్రొత్త జాతులు బయటపడినవి. మైదానములలో, తెలుగు నాట మనకు కనబడు పసిరికకు 1825లో టామస్ బెల్ పెట్టిన పాత పేరు తిరిగి వచ్చినది: అహేతుల్ల ఆక్సిరింకా, అనగా వాడిముక్కుది.

ఇందులో నొక నీతి గలదు. రెండు వందల యేండ్లు బొమ్మలకెక్కి, లెక్కలకెక్కి, 'తెలిసిన పాము' అనిపించుకొన్నది, నిజముగా తెలియని పాముగనే నిలిచినది. అది చంపు పాము అయియున్నచో ఇంత ఆలస్యము జరిగియుండునా? హాని చేయని ప్రాణిపట్ల శాస్త్రము గూడ సోమరియే.

తెలుగు రచనల బాధ్యత

నేటి తెలుగు పాఠ్యపుస్తకములలోను, పత్రికలలోను పసిరికను గూర్చి వచ్చు వాక్యములు తఱచు రెండే: అది ఆకుపచ్చ పాము; దానికి విషము లేదు. మొదటి వాక్యము దానిని విషపు పింజరతో కలిపివేయును. రెండవ వాక్యము అసత్యము. రసెల్ కాలమున పల్లెవాడు రెండు పేర్లతో వేఱుచేసినదానిని చదువుకొనిన రచయిత ఒక విశేషణముతో కలిపివేయుట విచారకరము. ఆంగ్లమునుండి తెచ్చి 'ఆకుపచ్చ తీగపాము' అని క్రొత్త పేరు కట్టుట తప్పు కాదు. కాని ఇంట పసిరిక యుండగా దానిని దాచిపెట్టుట తగదు.

ఇది భాషాభిమానపు మాట మాత్రమే కాదు. 2020లో ప్రకటితమైన ఒక పెద్ద పరిశోధన ప్రకారము 2000 నుండి 2019 వఱకు భారతదేశమున పాము కాటుచేత సుమారు 12 లక్షలమంది మరణించిరి. సగటున సంవత్సరమునకు 58,000 మంది. మరణములు అధికముగా నున్న ప్రాంతములలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశమున వాడుకలోనున్న విషహరపు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషములకు తయారైనది. పచ్చపింజర వాటిలో లేదు. ఆస్పత్రిలో రోగి 'పచ్చపాము కఱచినది' అన్నచో వైద్యునకు దానివలన తెలియునది ఏమియు లేదు. పసిరికయా? కాటుపడిన చోట కడిగి, ధైర్యము చెప్పి, కొంతసేపు గమనించిన చాలును. పింజరయా? వాపును, రక్తము గడ్డకట్టు తీరును గంటల తరబడి కనిపెట్టవలెను. ఒక్క మాటలోని భేదము ఒక రాత్రి జాగారపు భేదము.

ఆ భేదము గుర్తించుట కష్టమైనది కాదు. పసిరిక తల పొడవుగా వాడిగా ఉండును; పింజర తల వెడల్పై మెడవద్ద సన్నగిలి ముక్కోణముగా ఉండును. పసిరిక సన్నని తీగ. పింజర పొట్టిగా లావుగా ఉండును. పసిరికకు పగలు వేట, పింజరకు రాత్రి. పింజర కంటికి ముక్కుకు నడుమ చిన్న గుంట యుండును, వేడిని పసిగట్టుటకు. అయితే ఈ గుర్తులు దూరమునుండి చూచుటకే గాని, పట్టి చూచుటకు కావు. కాటుపడినవాడు పాము జాతిని తేల్చుకొనుటకై కాలయాపన చేయక, కోయక, కట్టక, ఏ పామైనను వెంటనే ఆస్పత్రికి పోవలెను. పేర్లు నేర్వవలసినది కాటుకు ముందు, బడిలో.

రసెల్ గ్రంథమును మెచ్చుకొనుటకు తెలుగువారికి ఎవరికిని లేని కారణమున్నది: వారి మాట అందు భద్రమైనది. దానిని విమర్శించుటకును వారికే హక్కెక్కువ: వారి పాము జీవితము అందు సగమే యున్నది. మిగిలిన సగమును పూరించుటకు కంపెనీ డైరెక్టర్ల ఉత్తరువు అక్కఱలేదు. బడి దొడ్డిలోని కంచె, ఒక పుస్తకము, పెన్సిలు, కదలక కూర్చుండు ఓర్పు చాలును. ఏ దినమున ఎచ్చట కనబడినది, ఏ చెట్టుపై, ఏమి తినినది, ఎపుడు పిల్లలతో కనబడినది - ఇట్టి నాలుగు మాటలు తేదీతో వ్రాసి పెట్టిన విద్యార్థి, రసెల్ వ్రాయలేకపోయిన పుటను వ్రాసినవాడగును. అట్టి పుటలు పెరిగినచో, పొదలో ఊగు పచ్చని తీగను చూచి ఎవడైన 'ఇది విషపు పామా?' అని అడిగినపుడు, ప్రక్కనున్న పిల్లవాడు 'అది పసిరిక. కఱ్ఱ దించుడు, చూపెదను' అనగలడు.